"ఫ్యూ" అంటే ఎంతమంది? "ఎ ఫ్యూ"కీ దానికీ తేడా ఎక్కడుంది?

కరీంనగర్_కుర్రాడు · సోమవారం, రాత్రి 9:14

అందరికీ నమస్తే. బ్యాంకు పరీక్షలకు చదువుతున్నాను. ఇవాళ మాక్ టెస్టులో ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను. "ఫ్యూ పీపుల్ లైక్ దిస్ కలర్" అని ఇచ్చి చివర ట్యాగ్, అంటే మన "కదా?" లాంటి చిన్న ప్రశ్న, పెట్టమన్నారు. కీలో "డూ దే?" అని ఉంది. వాక్యంలో "నాట్" లేదు, "నెవర్" లేదు. నాట్ లేని వాక్యానికి నాట్ ఉన్న ట్యాగ్ రావాలని కదా చెప్పారు, అంటే "డోంట్ దే?" రావాలి. కీ తప్పా?

ఇంకో సంగతి. నా రూమ్మేట్ "కపుల్" అంటే 2, "ఫ్యూ" అంటే 3, "సెవరల్" అంటే 7 అని లెక్క చెబుతున్నాడు. అలాంటి లెక్క ఎక్కడైనా ఉందా? నా దగ్గరున్న గైడులో "ఫ్యూ = దాదాపు లేరు" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు. దాదాపు లేరంటే ఉన్నట్టా, లేనట్టా? ఆదివారమే పరీక్ష, టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

బందరు_పంతులు · సోమవారం, రాత్రి 9:52

కీ తప్పు కాదు నాయనా, "డూ దే?" అన్నదే సరైన జవాబు.

"ఫ్యూ" చూడటానికి పాజిటివ్‌గా కనిపిస్తుంది కానీ వ్యాకరణం దాన్ని "నాట్" ఉన్న మాటగానే చూస్తుంది. హార్డ్లీ, సెల్డమ్, లిటిల్ కూడా ఈ బాపతే. నమ్మకం కుదరకపోతే ఇలా పరీక్షించు. "ఎనీ", "ఎవర్" అనే మాటలు మామూలుగా లేదనే వాక్యాల్లోనూ ప్రశ్నల్లోనూ వస్తాయి కదా. "ఫ్యూ స్టూడెంట్స్ హాడ్ ఎనీ మనీ" అనొచ్చు. "ఎ ఫ్యూ స్టూడెంట్స్ హాడ్ ఎనీ మనీ" అంటే కుదరదు, "సమ్ మనీ" అనాలి. మధ్యలో ఆ చిన్న "ఎ" చేరగానే వాక్యం లేదనే వైపు నుంచి ఉందనే వైపుకు తిరిగిపోయింది. అందుకే "ఎ ఫ్యూ పీపుల్ లైక్ దిస్ కలర్" అని ఇస్తే అప్పుడు ట్యాగ్ "డోంట్ దే?" అవుతుంది.

మన పిల్లలకు ఇక్కడ ఇబ్బంది ఎందుకంటే తెలుగులో రెంటికీ "కదా" ఒక్కటే సరిపోతుంది. "కొద్దిమందికే నచ్చుతుంది కదా", "కొంతమందికి నచ్చుతుంది కదా". ట్యాగ్ మార్చాల్సిన అవసరం మనకెప్పుడూ రాలేదు కాబట్టి ముందున్న వాక్యం ఏ వైపు మొగ్గుతోందో చూసే అలవాటు కూడా రాలేదు.

డాలస్_రమ్య · సోమవారం, రాత్రి 10:20

మాస్టారు చెప్పిన ఆ చిన్న "ఎ" గురించి నేనూ చెప్పాలి. పరీక్షలో అది ఒక మార్కు, ఆఫీసులో అంతకంటే చాలా ఎక్కువ.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను, ఇక్కడ టెక్సస్‌లో. ఇండియా టీమ్ నుంచి రాత్రికి రాత్రి రిపోర్టు వస్తుంది, పొద్దున ఇక్కడి మేనేజర్లు చూస్తారు. ఒకసారి రిలీజ్ ముందు రోజు మెయిల్లో "ఫ్యూ టెస్ట్ కేసెస్ ఫెయిల్డ్" అని ఉంది. పంపినవాళ్ల ఉద్దేశం "కొన్ని ఫెయిలయ్యాయి, కాస్త చూడండి" అని. ఇక్కడి మేనేజర్ చదివింది "ఫెయిలైనవి ఏమంత లేవు" అని. హెచ్చరికగా రాసిన వాక్యం ఆయనకు శుభవార్తలా వినిపించింది. "గ్రేట్, గో అహెడ్" అని జవాబిచ్చాడు. కాల్‌లో ఉన్న ఇంకొకరు "ఎన్ని ఫెయిలయ్యాయి?" అని అడగబట్టి సరిపోయింది, లేకపోతే అలాగే వదిలేసేవాళ్లు.

"ఐ హావ్ ఫ్యూ డౌట్స్" కూడా మన దగ్గర రోజూ వినే మాటే. "నాకు కొన్ని సందేహాలున్నాయి" అని మన ఉద్దేశం. అవతలివాళ్లకు "నాకు పెద్దగా అనుమానాల్లేవు" అని చేరుతుంది. పైగా "డౌట్స్" అంటే వాళ్లకు ప్రశ్నలు కావు, అపనమ్మకం. "ఐ హావ్ ఎ ఫ్యూ క్వశ్చన్స్" అంటే ఏ గొడవా ఉండదు.

ఓరుగల్లు_అన్న · సోమవారం, రాత్రి 10:41

రమ్యక్క చెప్పింది నిజం, మా ఆఫీసులో కూడా ఇదే కథ. కానీ తమ్ముడు అడిగిన రెండో ప్రశ్న అట్లనే ఉండిపోయింది. అంకె సంగతేంది? "కపుల్" అంటే రెండు, అందులో అనుమానం లేదు. "ఫ్యూ" అంటే మూడు నుంచి ఐదు అనే నేనూ అనుకుంటున్నా. అంకె లేకుండా మాటకు అర్థం ఎట్ల వస్తుంది?

తుంగభద్ర · సోమవారం, రాత్రి 11:05

అన్నా, "కపుల్" కూడా అంత గట్టి రెండేం కాదు. దంపతులన్నప్పుడు రెండే. "ఎ కపుల్ ఆఫ్ డేస్" అన్నప్పుడు మాత్రం రెండైనా కావచ్చు, మూడైనా కావచ్చు. మనం "ఒకట్రెండు రోజుల్లో వచ్చేస్తా" అంటే ఎవరూ గడియారం పట్టుకుని కూర్చోరు కదా, అలాంటిదే. అమెరికాలో మాటల్లో "ఆఫ్" కూడా తీసేసి "కపుల్ డేస్" అంటారు.

"ఫ్యూ"కి అంకె లేదు. రెండు ఉదాహరణలు చెబుతాను.

బైబిల్లో మొదటి పేతురు పత్రిక 3వ అధ్యాయం 20వ వచనంలో నోవహు ఓడలో బతికి బయటపడ్డవాళ్ల ప్రస్తావన ఉంది. పాత ఇంగ్లీషు అనువాదంలో "ఫ్యూ, దట్ ఈజ్, ఎయిట్ సోల్స్" అని ఉంటుంది. అక్కడ ఫ్యూ అంటే ఎనిమిది. అది చూపించి "ఫ్యూ అంటే ఎనిమిది" అని వాదించేవాళ్లు ఇంగ్లీషువాళ్లలోనే ఉన్నారు.

రెండోది 1940 ఆగస్టు 20న బ్రిటిష్ పార్లమెంటులో చర్చిల్ చేసిన ప్రసంగం. జర్మనీ విమానాలను అడ్డుకుంటున్న వైమానిక దళం గురించి, ఇంతమంది ఇంత కొద్దిమందికి ఇంతగా రుణపడటం మానవ యుద్ధాల్లో ఎన్నడూ జరగలేదన్నాడు. ఆ మాట నుంచే వాళ్లకు "ది ఫ్యూ" అన్న పేరు స్థిరపడింది. ఆ ఫ్యూ ఎంతమందో తెలుసా? దాదాపు 3,000 మంది. ఒక దేశాన్ని కాపాడటానికి 3,000 మంది అంటే కొద్దిమందే. అదే 3,000 మంది మా ఊరి పెళ్లికి వస్తే వంటవాళ్లు పారిపోతారు.

ఎనిమిదీ ఫ్యూ, మూడు వేలూ ఫ్యూ. ఎంత ఉంటుందని అనుకున్నామో దానికి ఇది ఎంత తక్కువ అన్నదే ఈ మాట చెబుతుంది.

ఓరుగల్లు_అన్న · సోమవారం, రాత్రి 11:12

సరే, ఇది ఒప్పుకుంటా. అయితే "ఎ ఫ్యూ" కూడా అంతేనా?

తుంగభద్ర · సోమవారం, రాత్రి 11:20

"ఎ ఫ్యూ" అన్నప్పుడు ఎదురుచూపు సంగతి వెనక్కి పోతుంది. ఉన్నాయని చెప్పడమే ముఖ్యం, కాకపోతే మరీ ఎక్కువ కాదు. సభకు 12 మంది వచ్చారనుకోండి. కుర్చీలు వంద వేయించినాయన "ఫ్యూ పీపుల్ కేమ్" అంటాడు. ఎవరూ రారేమోనని భయపడ్డాయన "ఎ ఫ్యూ పీపుల్ కేమ్" అంటాడు. వచ్చినవాళ్లు ఆ 12 మందే.

తర్జుమా_పని · మంగళవారం, ఉదయం 7:30

రాత్రంతా మంచి చర్చ నడిచింది. నేను పత్రికలో అనువాదాలు చేస్తుంటాను, మా డెస్కులో రోజూ చూసే సమస్య ఇది. ఏజెన్సీ వార్తలో "ఫ్యూ ఫార్మర్స్ రిసీవ్డ్ కాంపెన్సేషన్" అని వస్తుంది. కొత్తగా చేరినవాళ్లు "కొందరు రైతులకు పరిహారం అందింది" అని రాసేస్తారు. చదివినవాళ్లు పరవాలేదే, పని మొదలైంది అనుకుంటారు. అసలు వార్త "పరిహారం కొందరు రైతులకే అందింది" అని. చేర్చాల్సింది మాట చివర ఒక్క తెలుగు "ఏ" అక్షరం. అది పడిపోతే రైతు ఫిర్యాదు కాస్తా ప్రభుత్వ ప్రకటన అయిపోతుంది. హెడ్డింగులో చోటు చాలక తీసేసే మొదటి అక్షరం కూడా అదే కావడం నాకు చాలా బాధ కలిగిస్తుంది.

బైబిల్ ప్రస్తావన వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మత్తయి సువార్త 22:14 తెలుగులో "పిలువబడిన వారు అనేకులు, ఏర్పరచబడినవారు కొందరే" అని ఉంటుంది. ఇంగ్లీషులో అక్కడ "ఎ" లేని "ఫ్యూ". అనువాదకులు "కొందరు" అని వదిలేయకుండా "కొందరే" అన్నారు. మా కొత్తవాళ్లకు నేను ముందుగా చూపించే వాక్యం ఇదే.

బందరు_పంతులు · మంగళవారం, ఉదయం 8:15

తర్జుమా గారూ, మీరు ఆ "ఏ" దగ్గరికి రావడం నాకెంతో సంతోషంగా ఉంది. క్లాసులో నేను చెప్పేది కూడా అక్కడి నుంచే మొదలవుతుంది.

తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి మనకు ఇవి ఎప్పటికీ పట్టుబడవని చాలామంది చెబుతుంటారు. నేనొప్పుకోను. ఇంగ్లీషువాడు "ఎ", "ది" పెట్టి, లేదా ఏమీ పెట్టకుండా చేసే పని మనం వేరే చోట, ఇంకా స్పష్టంగా చేస్తున్నాం. ఏదైనా ఒక అంకె తీసుకోండి, నలుగురు అనుకుందాం.

"ఓ నలుగురు వచ్చారు." ఇది "ఎ ఫ్యూ". ముందు "ఓ" చేరగానే నాలుగు అనే లెక్క సడలింది. ముగ్గురైనా ఐదుగురైనా ఎవరూ తప్పు పట్టరు. మొత్తానికి వచ్చారు.

"నలుగురే వచ్చారు." ఇది "ఫ్యూ". ఇంకా రావాల్సింది, రాలేదు.

"ఉన్న ఆ నాలుగు రూపాయలూ ఖర్చుపెట్టేశాడు." ఇది "ది ఫ్యూ". ముందు "ఆ", వెనక "ఊ". ఉన్నవే తక్కువ, అవి కూడా పోయాయి. గైడుల్లో ఈ వాక్యాన్ని "హి స్పెంట్ ది ఫ్యూ రూపీస్ హి హాడ్" అని ఇచ్చి పక్కన ఒక పేరా వివరణ రాస్తారు. ఆ పేరా అంతా మన "ఊ" అనే ఒక్క అచ్చు చెప్పేస్తోంది.

ఈ మూడూ మన పిల్లలు బడికి రాకముందే అమ్మ దగ్గర నేర్చుకుని వస్తారు. బళ్లో మేం చేయాల్సింది వాళ్లకు ఇదివరకే తెలిసినదాన్ని చూపించడం. దానికి బదులు "దాదాపు లేరు" అని బోర్డు మీద రాసి బట్టీ పట్టిస్తున్నాం.

ఓరుగల్లు_అన్న · మంగళవారం, ఉదయం 8:40

మాస్టారూ, ఇది మాకూ అతికినట్టు సరిపోతుంది. మా దిక్కు "ఓ" బదులు "ఒక నలుగురు వచ్చిన్రు" అంటం, "నలుగురే వచ్చిన్రు" అంటం. "ఎన్ని పైసలున్నయ్?" అంటే "జర ఉన్నయ్" అనేది "ఎ లిటిల్". "గివే ఉన్నయ్" అంటే "లిటిల్". యాస మారినా "ఏ" ఎక్కడికీ పోలేదు.

డాలస్_రమ్య · మంగళవారం, ఉదయం 9:02

మాది భీమవరం వైపు. మా అమ్మమ్మ "కూసింత పప్పు వెయ్యనా?" అంటే అది కచ్చితంగా "ఎ లిటిల్"యే, ఇంకా ఉంది, వేస్తానని. "కూసింతే ఉంది" అంటే "లిటిల్", ఇక అడగొద్దని. మాస్టారి పద్ధతి ఇక్కడ మా పిల్లలకు చెప్పి చూస్తాను. వాళ్లకు రావాల్సింది తెలుగు కాబట్టి తిరగేసి చెప్పాలి, "ఎ ఫ్యూ" నుంచి "ఓ నలుగురు" వైపుకు.

తుంగభద్ర · మంగళవారం, మధ్యాహ్నం 1:10

మాస్టారూ, పద్ధతి చాలా బాగుంది. ఒక్క చోట మాత్రం జాగ్రత్తగా ఉండాలి. "ఏ" వస్తే తక్కువని అర్థం అని పిల్లలు గుర్తుపెట్టుకుంటే ఇబ్బందిలో పడతారు. "చాలామందే వచ్చారు" అన్నప్పుడు అర్థం తక్కువ కాదు, అనుకున్నదానికంటే ఎక్కువ. "బాగానే సంపాదించాడు" కూడా అంతే. "ఏ" చేసే పని తగ్గించడం అనలేం. ఎదుటివాళ్లు ఒకటి అనుకున్నారు, జరిగింది ఇంకొకటి అని ఎత్తిచూపడం దాని పని. చిన్న మాటకు తగిలితే కిందకు చూపిస్తుంది, పెద్ద మాటకు తగిలితే పైకి చూపిస్తుంది.

దీనివల్ల ఒక లాభం కూడా ఉంది. ఇంగ్లీషులో మనవాళ్లను బాగా తికమక పెట్టే "క్వైట్ ఎ ఫ్యూ" ఉంది చూశారూ, అందులో "ఫ్యూ" ఉన్నా దాని అర్థం "చాలామందే" అని. "క్వైట్ ఎ ఫ్యూ పీపుల్ కేమ్" అంటే వచ్చినవాళ్లు తక్కువేం కాదు. అదే "వెరీ ఫ్యూ" అంటే మరీ తక్కువ.

బందరు_పంతులు · మంగళవారం, మధ్యాహ్నం 2:25

మంచి సవరణ. అంకెకో "కొందరు", "కొన్ని", "కొంచెం" లాంటి చిన్న మాటకో తగిలినప్పుడు అని చేర్చి చెబుతాను. "చాలామందే"ని "క్వైట్ ఎ ఫ్యూ"తో జత కట్టడం నాకెప్పుడూ తట్టలేదు, రేపటి నుంచి అదీ బోర్డు మీదకు వస్తుంది.

మాంచెస్టర్_సిస్టర్ · మంగళవారం, సాయంత్రం 6:48

నేను ఇక్కడ ఆసుపత్రిలో నర్సుని. మీ చర్చ చదివాక ఒకటి చెప్పాలనిపించింది. ఇంతసేపూ "ఎ ఫ్యూ" మంచి మాట, స్పష్టమైన మాట అన్నట్టు నడిచింది. మా పనిలో అది కూడా ప్రమాదమే.

పేషెంటును "మందు తాగుతారా?" అని అడిగితే "ఓహ్, జస్ట్ ఎ ఫ్యూ" అంటారు. వారానికి మూడా, రోజుకి మూడా? గ్లాసులా, సీసాలా? విడివిడిగా అడగాల్సిందే. "నొప్పి ఎప్పటి నుంచి?" అంటే "ఎ ఫ్యూ డేస్" అంటారు. తీరా చూస్తే రెండు వారాలు. షిఫ్టు మారేటప్పుడు "ఎ ఫ్యూ అవర్స్ అగో ఇచ్చాను" అని ఒక నర్సు ఇంకో నర్సుకు చెబితే తర్వాతి డోసు ఎప్పుడివ్వాలో ఎలా తెలుస్తుంది? అక్కడ కావాల్సింది టైమూ అంకే.

మనవాళ్ల విషయంలో ఇంకో చిక్కు ఉంది. మన తెలుగు పెద్దాయన ఒకరు అడ్మిట్ అయితే మాట సాయానికి నన్ను పిలిచారు. ఎన్ని సిగరెట్లు తాగుతారంటే "ఏదో ఒకటీ అరా అమ్మా" అన్నారు. నేను దాన్ని "ఫ్యూ" అని చెప్పను, "ఎ ఫ్యూ" అని కూడా చెప్పను. "బాబాయ్ గారూ, పొద్దున లేచాక ఎన్ని, భోజనం తర్వాత ఎన్ని, సాయంత్రం ఎన్ని?" అని అడిగాను. కూడితే రోజుకు తొమ్మిది తేలాయి. ఆయన అబద్ధం చెప్పలేదు. ఒకప్పుడు రెండు పెట్టెలు కాల్చిన మనిషికి తొమ్మిది అంటే ఒకటీ అరా కిందే లెక్క.

తర్జుమా_పని · మంగళవారం, సాయంత్రం 7:15

సిస్టర్ గారూ, తుంగభద్ర గారు నిన్న రాత్రి చెప్పిందే ఇది. మనిషి అంతకుముందు అలవాటును బట్టే మాట పుడుతుంది.

ఇంతకీ "లెస్", "ఫ్యూవర్" గొడవ కూడా ఎవరైనా ఒక ముక్క చెబితే తమ్ముడికి పనికొస్తుంది.

తుంగభద్ర · మంగళవారం, రాత్రి 8:30

పరీక్షకు కావాల్సినంత వరకు చెబుతాను. లెక్కపెట్టగలిగితే "ఫ్యూవర్", లెక్కపెట్టలేనిదైతే "లెస్". ఫ్యూవర్ బుక్స్, లెస్ వాటర్. పరీక్షలో ఇదే రాయాలి. డబ్బు, దూరం, కాలం మాత్రం అంకెతో చెప్పినా "లెస్"యే వస్తుంది, "లెస్ దేన్ 500 రూపీస్" అన్నట్టు.

కానీ ఇది ఆకాశం నుంచి ఊడిపడ్డ రూలు కాదు. 9వ శతాబ్దంలో ఆల్ఫ్రెడ్ రాజు రాతల్లోనే "లెస్"ని లెక్కపెట్టే వాటికి వాడారు. 1770లో రాబర్ట్ బేకర్ అనే రచయిత "ఫ్యూవర్ అంటే బాగుంటుందని నాకనిపిస్తోంది" అన్న ధోరణిలో రాశాడు. ఆయన ఇష్టంగా చెప్పిన మాట తర్వాతివాళ్ల చేతుల్లో చట్టమైపోయింది. ఇంగ్లండులో సూపర్ మార్కెట్ల బిల్లింగ్ కౌంటర్ల మీద "10 ఐటమ్స్ ఆర్ లెస్" అని ఉంటే తప్పని గొడవ చేసేవారు. 2008లో టెస్కో ఆ తగాదా లేకుండా "అప్ టు 10 ఐటమ్స్" అని మార్చేసింది.

మన భాషలో గీత వేరే చోట ఉంది. మనుషులైతే "కొందరు", తక్కినవైతే "కొన్ని", కొలిచేవైతే "కొంత". ఇంగ్లీషువాడు మనుషుల్నీ మామిడిపండ్లనీ ఒకే "ఫ్యూ"లో కలిపేశాడు.

ఇంకొకటి, ఇది పరీక్షకు కాదు. గ్లాస్గో విశ్వవిద్యాలయంలో మాక్సీ, శాన్‌ఫర్డ్ అనే మనస్తత్వ పరిశోధకులు ఈ మాట మీద చాలా పనిచేశారు. "ఫ్యూ ఫ్యాన్స్ మ్యాచ్‌కి వెళ్లారు. దే ఇంట్లో టీవీలో చూశారు" అంటే ఇంగ్లీషువాళ్లకు ఆ "దే" వెళ్లనివాళ్లని తేలిగ్గా అర్థమవుతుంది. "ఎ ఫ్యూ" అని మొదలుపెడితే అలా అర్థం కాదు, "దే" అంటే వెళ్లినవాళ్లే. "ఫ్యూ" అనగానే వినేవాడి చూపు లేనివాళ్ల మీదకు పోతుందన్నమాట. తెలుగులో మనం "మిగతావాళ్లు" అని విప్పి చెప్పాల్సిందే. "కొద్దిమందే వెళ్లారు. వాళ్లు ఇంట్లో టీవీ చూశారు" అంటే నా చెవికి తప్పుగానే వినిపిస్తోంది.

కరీంనగర్_కుర్రాడు · బుధవారం, ఉదయం 6:20

అందరికీ చాలా థాంక్స్. రూమ్మేట్‌కు 3,000 సంగతి చెప్పాను, లెక్క వెనక్కి తీసుకున్నాడు. మాస్టారూ, సొంతంగా మూడు వాక్యాలు రాశాను, చూడండి.

"మా ఊళ్లో ఓ పది ట్రాక్టర్లున్నాయి." దేర్ ఆర్ ఎ ఫ్యూ ట్రాక్టర్స్ ఇన్ అవర్ విలేజ్, ఆరెంట్ దేర్?

"చెరువులో కొంచెమే నీళ్లున్నాయి." దేర్ ఈజ్ ఫ్యూ వాటర్ ఇన్ ది ట్యాంక్, ఈజ్ దేర్?

"నాకున్న ఆ నలుగురు ఫ్రెండ్సూ హైదరాబాద్ వెళ్లిపోయారు." ది ఫ్యూ ఫ్రెండ్స్ ఐ హాడ్ హావ్ గాన్ టు హైదరాబాద్, హావెంట్ దే?

బందరు_పంతులు · బుధవారం, ఉదయం 7:05

మూడు ట్యాగులూ సరిగ్గా ఉన్నాయి. రెండో దాంట్లో నీళ్లను లెక్కపెట్టలేం కాబట్టి "ఫ్యూ వాటర్" రాదు, "లిటిల్ వాటర్" అని దిద్దుకో. తెలుగులో "నీళ్లున్నాయి" అని బహువచనం వాడతాం, చెయ్యి అటు పోవడానికి కారణం అదే. "పాలు", "బియ్యం" దగ్గర కూడా ఇదే జరుగుతుంది, పరీక్షలో ఆ మూడూ కనిపిస్తే ఒకసారి ఆగి చూడు. మూడో దాంట్లో "ది ఫ్యూ"కి "హావెంట్ దే?" పెట్టావు చూడు, అది చాలామంది తప్పుతారు. "ఫ్యూ" కనపడింది కదా అని "హావ్ దే?" పెట్టేస్తారు. ముందు "ది" ఉంటే ఆ లేదనే గుణం పోతుంది.

శనివారం లోపు "లిటిల్", "ఎ లిటిల్" మీద ఇంకో ఐదు రాసి ఇక్కడే పెట్టు నాయనా, చూస్తాను.